చేతి కోత నుండి సెన్సార్ కోత దాకా: గన్‌ఫౌండ్రీ పరిసరాల్లో కణజాల పరీక్ష - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

రోగనిర్ధారణ కోసం శరీరం నుండి తీసిన ముక్కను అతిపలుచని పొరలుగా కోయడం కణజాల పరీక్షకు ఆయువుపట్టు. ఈ పని 19వ శతాబ్దంలో చేతి నుండి స్క్రూకు, స్క్రూ నుండి చక్రానికి మారింది. నేడు అది సెన్సార్లు నడిపే యంత్రానికి మారుతోంది. ఈ మార్పును హైదరాబాదులోని గన్‌ఫౌండ్రీ, ఆబిడ్స్, నాంపల్లి, కోఠి ప్రాంతాల వైద్య, భాషా చరిత్రల నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. యాంత్రీకరణ అంటే మనిషి చేసే నిర్ణయాలు ఒకటొకటిగా యంత్రానికి బదిలీ కావడమనీ, ఆ బదిలీకి ముందే చేతిపనివారి జ్ఞానాన్ని, వారి మాటలను నమోదు చేయవలసి ఉందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: గన్‌ఫౌండ్రీ, కణజాల పరీక్ష, మైక్రోటోమ్, సెన్సార్, క్లోరోఫామ్ కమిషన్, పారిభాషిక పదాలు, వృత్తిపదాలు.

1. ప్రవేశిక:

వైద్యచరిత్ర రచనలో వైద్యుల పేర్లకు, ఆసుపత్రుల భవనాలకు, మందుల ఆవిష్కరణలకు దక్కిన చోటు ప్రయోగశాలలోని చేతిపనికి దక్కలేదు. కేన్సర్ ఉన్నదో లేదో తేల్చే నివేదిక మీద పాథాలజిస్టు సంతకం ఉంటుంది. కానీ ఆ పాథాలజిస్టు సూక్ష్మదర్శినిలో చూసిన పొరను కోసినవారెవరో ఆ నివేదిక చెప్పదు. ఆ పొర సరిగా తెగకపోతే ఎంతటి నిపుణుడి చూపైనా అక్కరకు రాదు.

ఒక చిన్న లెక్క ఈ పని బరువును తెలియజేస్తుంది. మూడు మిల్లీమీటర్ల మందం గల కణజాలపు ముక్కను నాలుగు మైక్రాన్ల పొరలుగా పూర్తిగా కోస్తే 750 పొరలు వస్తాయి. సాధారణ పరీక్షలో వాటిలో ఒకటి, రెండు లేదా కొద్దిపాటి పొరలు మాత్రమే గాజుపలక మీదికి చేరతాయి. తక్కినవి కోతలో వృథా అవుతాయి, లేదా మైనపు బ్లాకులోనే ఉండిపోతాయి. ఏ లోతులో తీసిన పొర రోగిని గురించి సాక్ష్యం చెప్పాలో నిర్ణయించేది కోసేవారి చేయి. ఆ నిర్ణయాన్ని సెన్సార్లకు అప్పగించే యంత్రాలు నేడు ప్రపంచ విపణిలోకి వచ్చాయి. కాబట్టి ఇంతవరకూ ఆ చేయి ఏమేమి చేస్తూ వచ్చిందో చారిత్రకంగా తెలుసుకోవడం అవసరం.

ఈ పరిశీలనకు గన్‌ఫౌండ్రీని కేంద్రంగా తీసుకోవడానికి కారణాలున్నాయి. ఈ ప్రాంతం పేరే ఒక యంత్రశాల పేరు. దీనికి రెండు మూడు కిలోమీటర్ల పరిధిలోనే పూర్వపు రెసిడెన్సీ, ఉస్మానియా వైద్య కళాశాల, రెడ్‌హిల్స్‌లోని కేన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. ఆధునిక తెలుగు శాస్త్రవచనానికి పునాది వేసిన ప్రచురణ సంస్థ పుట్టిన బజారు కూడా ఇక్కడికి దగ్గరే. యంత్రం, వైద్యం, భాష అనే మూడింటి చరిత్రను ఒకే ఆవరణలో చూడగల అవకాశం ఇక్కడ ఉంది.

2. గన్‌ఫౌండ్రీ - పేరులో మిగిలిన యంత్రశాల:

రెండవ అసఫ్‌జా నిజాం అలీ ఖాన్ కొలువులో సేనానిగా పనిచేసిన ఫ్రెంచి దేశీయుడు మాన్సియర్ రేమండ్ 18వ శతాబ్దపు చివరి దశకంలో ఇక్కడ ఫిరంగుల కార్ఖానాను నెలకొల్పాడు. ప్రజలు దీనిని ఉర్దూలో 'తోప్ కా సాంచా' అన్నారు. తోపు అంటే ఫిరంగి, సాంచా అంటే అచ్చు. ఆంగ్లంలో గన్‌ఫౌండ్రీ అయిన ఈ పేరు తెలుగువారి నోటా అలాగే నిలిచింది. రేమండ్ 1798 మార్చిలో మరణించాడు. అదే ఏడాది సెప్టెంబరులో నిజాముకూ, ఈస్టిండియా కంపెనీకీ ఒప్పందం కుదిరింది. అక్టోబరులో ఫ్రెంచి దళాలు రద్దయ్యాయి. కార్ఖానా కట్టడపు శిథిలాలు ఫతే మైదాన్ సమీపంలో మిగిలాయి.

ఈ చరిత్రలో రేమండ్ పేరు స్పష్టంగా ఉంది. ఆయన సమాధి ఉన్న ప్రాంతానికి చేరువలోని మూసారాంబాగ్ పేరు కూడా ఆయనదేనని చెబుతారు. కానీ లోహాన్ని కరిగించినవారు, అచ్చులు కట్టినవారు, గొట్టాన్ని తొలిచి నునుపు చేసినవారు చరిత్రకు అందలేదు. సరైన వేడికి లోహం చేరిందని రంగు చూసి పోల్చుకోవడం, అచ్చులోని తడి ఆరిందని చేత్తో తాకి తెలుసుకోవడం వంటి విద్య ఏ పోతపనిలోనైనా పనివారి దగ్గరే ఉంటుంది. ఒక సేనాని మరణం, ఒక ఒప్పందం కలసి ఆరేడు నెలల్లో ఒక కార్ఖానా భవిష్యత్తును మార్చివేశాయి. స్థలనామం మిగిలింది. విద్య మాత్రం లిఖితరూపంలో మిగలలేదు. కణజాలపు కోత విషయంలో ఈ అనుభవాన్ని గుర్తుంచుకోవడం అవసరం.

3. ఫిరంగి గొట్టం నుండి మైక్రోటోమ్ దాకా:

ఫిరంగికీ, కణజాలానికీ సంబంధం పైకి కనిపించదు. కానీ ఖచ్చితమైన కొలతతో లోహాన్ని తొలిచే విద్య ఐరోపాలో ఆయుధశాలల్లోనే పెరిగింది. ఇంగ్లండులో జాన్ విల్కిన్‌సన్ 1774లో ఫిరంగి గొట్టాలను తొలిచే మెరుగైన యంత్రాన్ని రూపొందించాడు. ఆ పద్ధతి నుండి వచ్చిన నైపుణ్యమే జేమ్స్ వాట్ ఆవిరియంత్రానికి సరైన సిలిండర్‌ను ఇచ్చింది. ఖచ్చితమైన స్క్రూలను కోసే లేతు యంత్రానికి పేరుపొందిన హెన్రీ మాడ్స్‌లే తొలుత వులిచ్ ఆయుధశాలలో పని నేర్చినవాడు. సమానమైన మరలు గల స్క్రూ లేకుండా మైక్రోటోమ్ లేదు.

మైక్రోటోమ్ సూత్రం సులభమైనది. ఉదాహరణకు ఒక స్క్రూ పూర్తిగా ఒక చుట్టు తిరిగితే అర మిల్లీమీటరు ముందుకు జరుగుతుందనుకుందాం. దానికి 250 పళ్ళ చక్రాన్ని బిగించి ఒక్కో పన్ను చొప్పున తిప్పితే, స్క్రూ ఒక్కోసారి రెండు మైక్రాన్లు మాత్రమే కదులుతుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 50 నుండి 100 మైక్రాన్లు. కంటికి గానీ, చేతికి గానీ అందని దూరాన్ని పళ్ళ లెక్కగా మార్చడమే ఈ పరికరం చేసిన మేలు.

కలపను పలుచగా కోసే పరికరాలు 1770 నాటికే ఇంగ్లండులో ఉన్నాయి. జంతుకణజాలం మెత్తనిది కావడం వల్ల చాలాకాలం క్షురకత్తితో చేతిమీదనే కోసేవారు. 1860లలో బేసెల్ నగరంలో విల్హెల్మ్ హిస్ కోడిపిండం ఎదుగుదలను అధ్యయనం చేయడానికి మైక్రోటోమ్‌ను తయారు చేయించుకున్నాడు. ఒక పొర తర్వాత మరొక పొరను వరుస తప్పకుండా చూడవలసిన అవసరమే దానికి ప్రేరణ. 1869లో క్లెబ్స్ కణజాలాన్ని పారఫిన్ మైనంలో పొదిగే పద్ధతిని ప్రవేశపెట్టాడు. 1880ల తొలినాళ్ళలో కేంబ్రిడ్జిలో కాల్డ్‌వెల్, థ్రెల్‌ఫాల్ రూపొందించిన యంత్రంలో పొరలు ఒకదాని అంచు మరొకదానికి అతుక్కుని పట్టీలాగా రావడం మొదలైంది. దానిని వారు స్వయంచాలక మైక్రోటోమ్ అనే పిలిచారు. చార్లెస్ డార్విన్ కుమారుడు హొరేస్ డార్విన్ రూపొందించిన ఊగే మైక్రోటోమ్ 1885లో వచ్చింది. 1886లో హార్వర్డు ఆచార్యుడు మైనట్ చక్రంతో తిప్పే నమూనాను తయారు చేయించాడు. నేటికీ మన ప్రయోగశాలల్లో ఉన్నవి ఎక్కువగా ఈ చక్రం తిప్పే యంత్రపు వారసులే.

ఈ క్రమంలో ఒక వరుసను గమనించవచ్చు. మొదట మందాన్ని నిర్ణయించే పని చేతి నుండి స్క్రూకు వెళ్ళింది. తరువాత బ్లాకును ముందుకు జరిపే పని పళ్ళచక్రానికి వెళ్ళింది. ఆ తరువాత కోత దిశను నిలకడగా ఉంచే పని తిరుగుడు చక్రానికి వెళ్ళింది. కాబట్టి స్వయంచాలనం 21వ శతాబ్దపు కొత్తదనం కాదు. దాదాపు 150 ఏళ్ళుగా విడతలవారీగా సాగుతున్న నిర్ణయాల బదిలీయే అది.

4. హైదరాబాదులో నమోదు యంత్రం - క్లోరోఫామ్ కమిషన్:

శరీరంలోని మార్పును మనిషి వేలికి బదులు పరికరం గుర్తించి నమోదు చేయాలన్న ఆలోచన హైదరాబాదుకు కొత్త కాదు. 1846లో ఏర్పడిన హైదరాబాదు వైద్య పాఠశాలకు 1880లలో ప్రధానాధ్యాపకుడైన ఎడ్వర్డ్ లారీ రెసిడెన్సీ వైద్యుడు కూడా. క్లోరోఫామ్ ఇచ్చినప్పుడు గుండె ముందుగా ఆగుతుందా, శ్వాస ముందుగా ఆగుతుందా అన్నది నాటి ప్రపంచ వైద్యులను రెండు పక్షాలుగా చీల్చిన ప్రశ్న. శ్వాసనే గమనించాలన్నది లారీ పట్టుదల. 1888లో మొదటి కమిషన్ ఆయన వాదాన్ని సమర్థించింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక దానిని సందేహించగా, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం 1000 పౌండ్లు ఇచ్చి ఆ పత్రిక తరఫున ఒక నిపుణుడిని పంపమని కోరింది. అలా 1889లో లాడర్ బ్రంటన్ హైదరాబాదుకు వచ్చాడు. వైద్య పాఠశాలలో చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీ కూడా ఈ కృషిలో పాలుపంచుకొన్నది.

రెండవ కమిషన్ జంతువులపై నాలుగు వందలకు పైగా ప్రయోగాలు చేసింది. కొన్నింటిలో రక్తపీడనాన్ని కాగితం మీద గీతగా నమోదు చేసే పరికరాలను వాడింది. నేటి భాషలో చెప్పాలంటే అవి సెన్సార్లే. కమిషన్ నివేదిక మళ్ళీ లారీ పక్షాన్నే నిలిచింది. కానీ 1893లో గాస్కెల్, షోర్ భిన్నమైన నిర్ధారణకు వచ్చారు. 1911లో లీవీ చేసిన పరిశోధన అసలు చిక్కుముడిని విప్పింది. క్లోరోఫామ్ మోతాదు తక్కువగా ఉన్నప్పుడు కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోవచ్చునని అది నిరూపించింది.

హైదరాబాదు పరికరాలు గీసిన గీతలు అబద్ధాలు కావు. వాటిని అడిగిన ప్రశ్న అసంపూర్ణమైనది. పరికరం తనను కొలవమన్నదానిని మాత్రమే కొలుస్తుంది. ఏది కొలవాలన్నది దాని వెనుక ఉన్నవారి తెలివిడి మీద ఆధారపడి ఉంటుంది. కణజాలపు కోతలో సెన్సార్ల పాత్రను అంచనా వేయడానికి ఈ స్థానిక చరిత్ర కంటే దగ్గరి ఉదాహరణ దొరకదు.

ఇదే నగరానికి సంబంధించిన మరొక ఘట్టం పరికరాలకూ, ఇక్కడి వాతావరణానికీ మధ్య ఉన్న పేచీని తెలుపుతుంది. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి దశను గుర్తించాడు. ఆయన చేసినది పొరలుగా కోయడం కాదు, సూదులతో విప్పడం. నుదుటి నుండి, చేతుల నుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని స్క్రూలు తుప్పుపట్టాయని ఆయన తన జ్ఞాపకాలలో పేర్కొన్నాడు. చలిదేశపు పరికరం దక్కను వేడిలో పనిచేయాలంటే దానిని వాడేవారు అదనంగా మరెంతో నేర్చుకోవలసి వచ్చేది.

5. ముక్క పరీక్ష - చేతి విద్య స్వరూపం:

హైదరాబాదు ప్రజలు బయాప్సీని 'ముక్క పరీక్ష' అంటారు. ముక్క తీశారు, ముక్కను పంపారు, ముక్క రిపోర్టు రాలేదు అన్న మాటలు ఆసుపత్రి వరండాలలో నిత్యం వినిపిస్తాయి. నాంపల్లికి ఆనుకొని ఉన్న రెడ్‌హిల్స్‌లో 1955లో ఏర్పడిన మెహదీ నవాజ్ జంగ్ కేన్సర్ ఆసుపత్రి ఈ మాటను రాష్ట్రం నలుమూలల నుండి వచ్చిన కుటుంబాలకు పరిచయం చేసింది. కేన్సర్ చికిత్స సాధారణంగా ముక్క పరీక్ష తరువాతనే మొదలవుతుంది.

ఆ ముక్క ముందుగా ఫార్మలిన్‌లో నిలవ ఉంటుంది. తరువాత గాఢత పెరిగే ఆల్కహాలు ద్రావణాలలో నీటిని కోల్పోతుంది. జైలీన్‌లో ఆల్కహాలును వదులుకుంటుంది. కరిగిన పారఫిన్‌ను పీల్చుకుని, చల్లారి, బ్లాకు అవుతుంది. ఆ బ్లాకును మైక్రోటోమ్‌కు బిగించి, పైపొరలను చెక్కి, కణజాలం పూర్తి ముఖం కనబడేదాకా తీసుకురావాలి. దీనినే ట్రిమ్మింగ్ అంటారు. ఆ తరువాత మూడు నుండి ఐదు మైక్రాన్ల పొరలు పట్టీగా వస్తాయి. పట్టీని గోరువెచ్చని నీటి మీద తేల్చి, ముడతలు విప్పి, గాజుపలక మీదికి ఎత్తుకుంటారు. హెమటాక్సిలిన్, ఇయోసిన్ రంగులు అద్దిన తరువాత అది పాథాలజిస్టు చేతికి వెళుతుంది.

ఈ పనిలోని నిర్ణయాలు సూక్ష్మమైనవి. వేసవిలో మైనం మెత్తబడితే పొర నలిగిపోతుంది. అందుకని బ్లాకును మంచు మీద చల్లబరుస్తారు. మరీ చల్లబడితే పొర చీలుతుంది. ఎముక గల ముక్క ఒక రకంగా, కొవ్వు గల ముక్క మరొక రకంగా తెగుతుంది. బ్లేడులో కంటికి కనిపించని నొక్కు ఉంటే పొర నిండా నిలువు గీత పడుతుంది. బిగింపు వదులైతే మందం మారుతూ అలలు వస్తాయి. చక్రం తిరిగే చప్పుడులోని తేడాను బట్టి, పిడి మీద చేతికి తగిలే బరువును బట్టి అనుభవం గల టెక్నీషియన్ ఈ దోషాలను ముందే పసిగట్టగలడు. ఒకసారి వాడి పారవేసే బ్లేడ్లు రాకముందు బరువైన ఉక్కు కత్తిని సానరాయి మీద, తోలుపట్టీ మీద నూరుకోవడం కూడా ఈ విద్యలో భాగమే.

ఇక్కడ పొరపాటు ఖరీదు మామూలుది కాదు. సూదితో తీసిన సన్నని ముక్కను ట్రిమ్మింగ్‌లో ఎక్కువ చెక్కితే అది బ్లాకులోనే అయిపోతుంది. రోగిని మళ్ళీ పిలిచి మళ్ళీ ముక్క తీయాలి. తక్కువ చెక్కితే రోగమున్న భాగం పొరలోకి రాకపోవచ్చు. నీటి మీద తేలుతున్న ఒకరి కణజాలపు రేణువు మరొకరి పలక మీదికి చేరితే, లేని రోగం ఉన్నట్లు అనుమానం పుడుతుంది. ఒక్క ముక్క మీద ఒక కుటుంబం నిద్ర ఆధారపడి ఉంటుంది.

6. మాటల చరిత్ర - శాస్త్రపదాలు, పనిపదాలు:

గన్‌ఫౌండ్రీకి దగ్గరలోని రెసిడెన్సీ బజారు నేటి సుల్తాన్ బజారు. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఆ పరిసరాల్లోనే ఏర్పడింది. 1906లో కొమర్రాజు వేంకట లక్ష్మణరావు ప్రభృతులు హైదరాబాదులోనే విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించారు. చరిత్రతో పాటు ప్రకృతిశాస్త్రాలను కూడా తెలుగులో చెప్పాలన్నది దాని ఆశయం. ఆచంట లక్ష్మీపతి జీవశాస్త్ర రచన ఆ మండలి ప్రచురణలలో ఒకటి. మరొక వైపు 1917లో ఏర్పడిన అనువాద శాఖ దారుల్ తర్జుమా ఉస్మానియా విశ్వవిద్యాలయం కోసం వైద్యంతో సహా అనేక శాస్త్రాలను ఉర్దూలోకి తెచ్చింది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఆ తరువాత పారిభాషిక పదకోశాలను వెలువరించింది.

ఈ కృషి ఫలితంగా కణం, కణజాలం, కేంద్రకం, అడ్డుకోత, నిలువుకోత వంటి పదాలు పాఠశాల విద్యార్థికి కూడా సుపరిచితమయ్యాయి. ఇది తెలుగు శాస్త్రభాష సాధించిన విజయం. కానీ మైక్రోటోమ్ ముందు కూర్చున్న మనిషి వాడే బ్లాకు, రిబ్బన్, ట్రిమ్మింగ్, బ్లేడు, ఫ్లోటర్ అనే మాటలు ఏ తెలుగు పదకోశం లక్ష్యంలోనూ ప్రధానంగా నిలవలేదు. దీనికి కారణం తెలుగు పదాల కొరత కాదు. మన శాస్త్రపదాలు పాఠ్యగ్రంథం నుండి బయలుదేరాయి, పనిబల్ల నుండి కాదు. చూడవలసిన వస్తువుకు పేరు పెట్టుకున్నాము గానీ, ఆ వస్తువును చూడదగినట్లు తయారు చేసే పనికి పేరు పెట్టుకోలేదు.

తెలుగులో వృత్తిపదాల సేకరణకు ఘనమైన సంప్రదాయం ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి నేతృత్వంలో వ్యవసాయ వృత్తిపదాలు, ఆ తరువాత చేనేత మొదలైన వృత్తుల పదాలు మాండలిక వృత్తిపదకోశాలుగా వెలువడ్డాయి. నాగలి భాగాలకు, మగ్గం భాగాలకు లభించిన ఆ గౌరవం ప్రయోగశాల వృత్తికి ఇంకా లభించలేదు. అన్యదేశ్యాలు కావడం వల్ల ఈ మాటలు సేకరణకు తగవనడం సరికాదు. 'రిబ్బన్ తెగుతోంది', 'బ్లాకు అరుస్తోంది' వంటి వాక్యం పుట్టగల చోట నామం అన్యదేశ్యమైనా వాక్యపు జీవం తెలుగుదే. గన్‌ఫౌండ్రీ అన్న మాటను మన నాలుక ఎలా తనదిగా చేసుకొన్నదో ఈ మాటలనూ అలాగే చేసుకొన్నది.

7. సెన్సార్ చేసే పని, చేయని పని:

సెన్సార్ గల యంత్రాలు చేతి విద్యలోని ఒక్కొక్క అంశాన్ని కొలతగా మారుస్తాయి. మోటారు ఎంత తిరిగిందో ఎన్‌కోడర్ లెక్కిస్తుంది. బ్లాకు ముఖం కత్తికి ఎంత దూరంలో ఉన్నదో, ఎంత వాలి ఉన్నదో స్పర్శ ద్వారా గానీ, కాంతి ద్వారా గానీ తెలుసుకుని దానిని సరిచేయవచ్చు. కత్తి మీద పడే బలాన్ని కొలిచి బ్లేడు మొద్దుబారిందని చెప్పవచ్చు. ఉష్ణోగ్రత, తేమ సెన్సార్లు బ్లాకును చల్లబరిచే వ్యవస్థను నడపవచ్చు. కెమెరా తెగిన పొరను బ్లాకు ముఖంతో పోల్చి, ముడతలను, చీలికలను గుర్తించవచ్చు. బ్లాకు మీది సంకేతాన్ని చదివి అదే సంకేతాన్ని పలక మీద ముద్రిస్తే రోగుల పేర్లు తారుమారయ్యే ప్రమాదం తగ్గుతుంది. జపాన్‌లో తయారైన ఒక తరహా యంత్రం తెగిన పొరను టేపు మీద మోసుకువెళ్ళి పలక మీదికి చేరుస్తుంది.

ఈ మేలును తక్కువ చేయకూడదు. రోజంతా చక్రం తిప్పే మణికట్టుకు, భుజానికి వచ్చే నొప్పి తగ్గుతుంది. వేలిని కోసే బ్లేడుకు దూరం పెరుగుతుంది. ఉదయపు కోతకూ, అలసిన సాయంకాలపు కోతకూ మందంలో తేడా తగ్గుతుంది.

అయితే క్లోరోఫామ్ కమిషన్ మిగిల్చిన ప్రశ్న ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. ఏది కొలవాలి? పొర నాలుగు మైక్రాన్ల మందంగా ఉన్నదని సెన్సార్ చెప్పగలదు. అది అవసరమైన పొర అవునో కాదో చెప్పాలంటే ఆ ముక్క ఎక్కడిదో, వైద్యుడు ఏమి అనుమానించాడో, ఎంత కణజాలాన్ని తదుపరి పరీక్షలకు మిగల్చాలో తెలియాలి. చీటీ మీది రెండు వాక్యాలు చదివి, ముక్క చిన్నదని గ్రహించి, చెక్కడం అక్కడే ఆపే చేయి కొలతకు అందని పని చేస్తోంది. ఆ తెలివిడిని కూడా యంత్రానికి నేర్పవచ్చు. కానీ నేర్పడానికి ముందు దానిని ఎవరో చెప్పాలి, మరెవరో రాయాలి.

8. నేటి హైదరాబాదు - ముందు నడిచిన చూపు:

ప్రస్తుత హైదరాబాదులో ఒక విశేషమైన స్థితి ఉంది. నిమ్స్, ట్రిపుల్ ఐటీ హైదరాబాదుల సహకారంతో మెదడు కణితులకు చెందిన ఐదు వందలకు పైగా స్లైడ్ల డిజిటల్ చిత్రాల సంచయం రూపొంది, దాని వివరాలు 2024లో ప్రచురితమయ్యాయి. భారతీయ రోగుల కణజాలాన్ని కంప్యూటర్ చదవడం నేర్చుకోవడానికి అది ఉపకరిస్తుంది. అంటే కోతకంటే ముందుగా చూపు యాంత్రికమవుతోంది. చదివే పని కృత్రిమ మేధ దిశగా కదులుతుండగా, చదవవలసిన పుటను తయారు చేసే పని సాధారణ ప్రయోగశాలల్లో ఇంకా చేతి చక్రం మీదనే ఉంది.

ఈ రెండింటినీ విడదీయలేము. పొర మందం మారితే రంగు గాఢత మారుతుంది. ముడత పడితే కణాలు దట్టంగా ఉన్నట్లు కనిపిస్తాయి. మనిషి పాథాలజిస్టు అది కోతలోని దోషమని ఇట్టే గ్రహిస్తాడు. యంత్రానికి ఆ దోషాన్ని వేరుగా నేర్పకపోతే అది రోగలక్షణంగా పొరబడవచ్చు. కాబట్టి కృత్రిమ మేధ మీద ఎంత శ్రద్ధ పెడతామో మైక్రోటోమ్ ముందున్న మనిషి మీద కూడా అంత శ్రద్ధ పెట్టాలి. 2021లో పార్లమెంటు ఆమోదించిన అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం ప్రయోగశాల నిపుణుల వృత్తికి చట్టబద్ధమైన స్థానం కల్పించింది. చట్టం ఇచ్చిన ఆ స్థానాన్ని చరిత్ర రచన కూడా ఇవ్వవలసి ఉంది.

ఖరీదైన యంత్రాన్ని కొనడం ఒక్కటే సరిపోదు. రోజుకు వేల బ్లాకులు కోసే పెద్ద కేంద్రానికి లాభసాటి అయినది పది ఇరవై బ్లాకులు కోసే జిల్లా ఆసుపత్రికి భారం కావచ్చు. సెన్సార్ చెడిపోయిన రోజున చేతితో కోయగలవారు మిగిలి ఉండాలి. మరమ్మతు తెలిసినవారు ఊళ్ళోనే ఉండాలి. తెచ్చినవాడితోనే విద్య వెళ్ళిపోతే ఏమి మిగులుతుందో ఫతే మైదాన్ పక్కనున్న శిథిలాలు చెబుతున్నాయి.

9. ముగింపు:

ఈ పరిశీలన ద్వారా తేలిన అంశాలు ఇవి.

• కణజాలపు కోతలో స్వయంచాలనం ఆకస్మికంగా వచ్చినది కాదు. 1860ల నుండి మందం, కదలిక, దిశ అనే నిర్ణయాలు వరుసగా చేతి నుండి యంత్రానికి బదిలీ అయ్యాయి. సెన్సార్ ఈ వరుసలో తాజా దశ.

• 1889 నాటి క్లోరోఫామ్ కమిషన్ అనుభవం ప్రకారం పరికరపు నమోదు నిజమైనప్పటికీ, దానిని అడిగిన ప్రశ్న అసంపూర్ణమైతే నిర్ధారణ దారి తప్పుతుంది. కోత యంత్రానికి కూడా ఇది వర్తిస్తుంది.

• తెలుగు శాస్త్రభాష కణజాలానికి పేరు పెట్టింది గానీ, దానిని కోసే పనిని నమోదు చేయలేదు. వృత్తిపదకోశాల సంప్రదాయాన్ని ప్రయోగశాలలకు విస్తరించాలి.

• హైదరాబాదులో స్లైడును చదివే పని యాంత్రికమవుతున్నంత వేగంగా కోసే పని యాంత్రికం కాలేదు. ఈ మధ్యకాలమే చేతి విద్యను నమోదు చేయడానికి అనువైన సమయం.

దశాబ్దాల పాటు మైక్రోటోమ్ చక్రం తిప్పి పదవీ విరమణ చేసినవారు నగరంలోని పాత ఆసుపత్రుల పరిసరాల్లో ఇంకా ఉన్నారు. వారి పని వివరాలను, వారి మాటల్లోనే, వారి పేర్లతో సేకరించడం తెలుగు శాఖలు, వైద్య కళాశాలలు కలసి చేయదగిన పని. ఫిరంగులు పోసినవారిని అడిగే అవకాశం మనకు లేదు. ముక్కలు కోసినవారిని అడిగే అవకాశం ఇంకా ఉంది.